పరుగులో గాలి వాటా ఎంత?

కోరుట్ల నుంచి జగిత్యాలకు సైకిలు తొక్కుకుంటూ వెళ్ళే వాళ్ళనెవరినైనా అడగండి, ఎదురుగాలి అంటే ఏమిటో పుస్తకం చూడకుండానే చెబుతారు. అదే గాలి వీపు వైపు నుంచి వీచిందనుకోండి, పెడలు మీద కాలు ఊరికే ఆనించినా బండి పోతూనే ఉంటుంది. సైకిలుకు ఇంత సాయం చేసే గాలి పరుగు పందెంలో మాత్రం ఊరుకుంటుందా? మన తెలుగమ్మాయి ఒకరు జాతీయ రికార్డు కంటే త్వరగా పరుగెత్తినా, ఆ గాలి మూలంగానే అది లెక్కలోకి రాలేదు.

ఆమె పేరు జ్యోతి యర్రాజి. 1999లో విశాఖపట్నంలో పుట్టింది. తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్ళలోను, ఆసుపత్రిలోను పని చేసేది. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఆమె ఎత్తు చూసి, హర్డిల్స్‌కు తగిన పిల్ల అనుకున్నారు. తర్వాత హైదరాబాదులోను, భువనేశ్వర్‌లోను శిక్షణ పొందింది.

హర్డిల్స్ అంటే దారిలో నిలిపిన అడ్డు చట్రాలను దాటుతూ పరుగెత్తటం. మహిళల 100 మీటర్ల పందెంలో ఇవి 10 ఉంటాయి. ఒక్కొక్కటి 83.8 సెంటీమీటర్ల ఎత్తు. మొదటిది బయలుదేరే గీతకు 13 మీటర్ల దూరంలో ఉంటుంది. ఆ తర్వాత ప్రతి 8.5 మీటర్లకు ఒకటి. చివరిది దాటాక ఇంకా 10.5 మీటర్లు పరుగెత్తాలి. కూడి చూడండి, సరిగ్గా 100 వస్తుంది. (పది చట్రాలకు మధ్య ఖాళీలు తొమ్మిదే సుమా!) రెండు చట్రాల నడుమ నేల మీద మూడే అంగలు వేయాలి. ఒలింపిక్స్‌లో ఈ పందెం మొదట 80 మీటర్లే ఉండేది. 1972 మ్యూనిక్ క్రీడల నుంచి 100 మీటర్లయింది.

మన దేశంలో ఈ పందెం రికార్డు ఒడిశాకు చెందిన అనురాధా బిస్వాల్‌ది. 2002లో ఆమె 13.38 సెకన్లలో పరుగెత్తింది. ఇరవై ఏళ్ళ పాటు దాన్ని ఎవరూ చెరపలేకపోయారు. 2022 ఏప్రిల్‌లో కేరళలో జరిగిన ఫెడరేషన్ కప్ పోటీలలో జ్యోతి 13.09 సెకన్లలో గమ్యం చేరింది. అందరూ గాలిమాపకం వైపు చూశారు. వెనుక నుంచి వీచిన గాలి వేగం సెకనుకు 2.1 మీటర్లు. నియమం ప్రకారం 2.0 దాటరాదు. రికార్డు పోయింది!

పదో వంతు మీటరుకేనా ఇంత పట్టింపు అని మీకు అనిపించవచ్చు. కొంచెం లెక్క వేద్దాం. 100 మీటర్లను 13.09 సెకన్లతో భాగిస్తే సగటు వేగం సెకనుకు 7.64 మీటర్లు వస్తుంది. గాలి నిరోధం వేగానికి కాదు, వేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. గాలి కదలనప్పుడు 7.64 వర్గం సుమారు 58. వెనుక నుంచి 2.1 మీటర్ల గాలి ఉంటే మనిషికీ గాలికీ మధ్య వేగం 5.54 మాత్రమే. దాని వర్గం సుమారు 31. అంటే నిరోధం దాదాపు సగమైపోయింది! 2 మీటర్ల ఎదురుగాలి అయితే 9.64 వర్గం, అంటే 93. అయితే పరుగెత్తే మనిషి శక్తిలో గాలిని చీల్చటానికి ఖర్చయ్యేది కొద్ది భాగమే. అందుకని 2 మీటర్ల గాలి వల్ల కలిసివచ్చేది సెకనులో పదో వంతు, ఆ చుట్టుపక్కల. హర్డిల్స్‌లో దీనికి ఒక చిక్కు కూడా ఉంది. గాలి తోస్తే అంగ పెద్దదై, చట్రానికి మరీ దగ్గరగా వచ్చి పడతారు.

2.0 దగ్గరే గీత ఎందుకు గీశారు? పరీక్షలో 35 దగ్గర గీసినట్టే. ఎక్కడో ఒకచోట గీయాలి. అంతర్జాతీయ సమాఖ్య 1936లో ఈ హద్దు పెట్టింది. గాలిమాపకాన్ని గమ్యానికి 50 మీటర్ల ముందు, ట్రాక్ పక్కన, 1.22 మీటర్ల ఎత్తున నిలుపుతారు. హర్డిల్స్ పందెం మొదలైన క్షణం నుంచి 13 సెకన్ల పాటు వీచిన గాలికి సగటు తీస్తారు. ఇంకో సంగతి: రెండో దశాంశ స్థానంలో ఏదైనా అంకె మిగిలితే పైకి సవరిస్తారు. 2.03 వచ్చినా 2.1 అనే రాస్తారు! 400 మీటర్ల పందేనికి ఈ గొడవే లేదు. చుట్టు పూర్తిగా తిరుగుతారు గనుక ఒక వైపు తోసిన గాలి రెండో వైపు అడ్డుతుంది. 1984 లాస్ ఏంజిలిస్‌లో పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్స్‌లో సెకనులో నూరో వంతు తేడాతో కాంస్యం పోగొట్టుకున్నప్పుడు గాలిని కొలవవలసిన పని లేకపోయింది.

జ్యోతి సంగతికి వద్దాం. మరుసటి నెలలోనే, 2022 మే 10న సైప్రస్ దేశంలోని లిమాసోల్‌లో ఆమె 13.23 సెకన్లలో పరుగెత్తింది. ఆ రోజు గాలి ఎదురుగా, సెకనుకు 0.1 మీటరు. అనురాధ రికార్డు చెరిగింది. కేరళలో కంటే నెమ్మదిగా పరుగెత్తి రికార్డు సాధించటం విచిత్రంగా లేదూ? అక్టోబరులో గుజరాత్ జాతీయ క్రీడల్లో 12.79 వచ్చింది. గాలి 2.5! మళ్ళీ లెక్కలోకి రాలేదు. అదే నెలలో బెంగుళూరులో 12.82. ఈసారి గాలి హద్దులోనే ఉంది. 13 సెకన్ల లోపు లెక్కకు వచ్చిన తొలి భారతీయురాలయింది.

2023 జూలైలో బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్ బంగారు పతకం తెచ్చిన సమయం ఎంతో తెలుసా? అదే 13.09! ఆగస్టులో చైనాలోని చెంగ్డూలో 12.78తో కాంస్యం గెలుచుకుంది. గాలి తోసినప్పటి 12.79ను సొంత కాళ్ళతో దాటిందన్నమాట. 2024 ప్యారిస్ ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత కావాలంటే 12.77 కావాలి. అక్కడా నూరో వంతు తక్కువే! ప్రపంచ ర్యాంకుల ద్వారా చోటు దొరికింది. ఒలింపిక్స్ మహిళల 100 మీటర్ల హర్డిల్స్‌లో పరుగెత్తిన మొదటి భారతీయురాలు ఆమే. మొదటి దశలో 13.16, రెండో అవకాశంలో 13.17. ముందుకు పోలేకపోయింది. 2025 మేలో కొరియాలోని గుమిలో 12.96తో మళ్ళీ ఆసియా బంగారు పతకం సాధించింది.

గాలి పనిని మీ బడి మైదానంలోనే చూడవచ్చు. సిరిసిల్ల మగ్గాల పలుచని గుడ్డ పీలికను కర్రకు కట్టి నిలపండి. గాలి బాగా వీచే పూట ఒకరే గాలివాటుగా ఒకసారి, బాగా విశ్రాంతి తీసుకుని ఎదురుగా ఒకసారి 100 మీటర్లు పరుగెత్తాలి. స్టాప్‌వాచీ పట్టినవారు గమ్యం దగ్గర ఉంటారు గదా, "గో" అన్న కేక విని మీట నొక్కకూడదు. శబ్దం సెకనుకు 340 మీటర్లే పోతుంది. 100 మీటర్లు రావటానికి 0.29 సెకను పడుతుంది. గాలి ఇచ్చే లాభం కంటే ఇది ఎక్కువ! కేకతో పాటు జెండా దింపమనండి, జెండా చూసి నొక్కండి. అయినా చేతి గడియారం కొంత తప్పు చూపుతుంది. 1960 రోమ్‌లో మిల్ఖాసింగ్ 400 మీటర్ల పరుగుకు చేతి గడియారం 45.6 అంది, విద్యుత్ గడియారం 45.73 అంది. 1977 నుంచి ఇలాంటి పందేల ప్రపంచ రికార్డులకు విద్యుత్ గడియారం మాటే చెల్లుతోంది. అందుకని ఒక్కసారి చూసి వదలక, నలుగురైదుగురి చేత పరుగెత్తించి సగటు తీయండి.