ఎర్రమట్టి దిబ్బలకు వనభోజనమా? ఒక్కమాట వినండి!

కార్తీకమాసం వచ్చిందంటే చాలు, భోగాపురం చుట్టుపక్కల ఇళ్ళలో ఒకటే చర్చ - ఈసారి వనభోజనాలు ఎక్కడ? ఊళ్ళో జీడితోటలు, సరుగుడు తోటలు చూసి చూసి విసుగెత్తిన పిల్లలు "ఎర్రమట్టి దిబ్బలకు వెళదామమ్మా" అంటారు. దూరమూ ఎక్కువ కాదు. తగరపువలస మీదుగా భీమిలి చేరి, విశాఖ వెళ్ళే దారిలో మరో నాలుగైదు కిలోమీటర్లు పోతే సరి. సినిమా పాటల్లో మీరూ చూసే ఉంటారు. పులిహోర డబ్బా సర్దేముందు ఆ దిబ్బల కథ కాస్త తెలుసుకోండి. దారిలో పిల్లలడిగితే చెప్పొచ్చు!

దూరం నుంచి చూస్తే ఎవరో ఎర్రరాతిని చెక్కి నిలబెట్టారేమో అనిపిస్తుంది. దగ్గరకెళ్ళి వేలితో గీస్తే పొడి రాలుతుంది. తిరుమల శిలాతోరణంలా ఇది గట్టిరాయి కాదు, ఇసుక! మరి అంత ఇసుక అక్కడికెలా వచ్చింది?

సుమారు 20 వేల ఏళ్ళ క్రితం మంచుయుగం ముదిరి ఉన్న రోజుల్లో భూమ్మీద నీరు ఎంతో భాగం మంచుగడ్డలుగా మారిపోయింది. దాంతో సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా కిందికి దిగింది. నీళ్ళడుగున ఉన్న ఇసుక బయటపడింది. మనం చేటతో చెరిగితే తేలికైనవి ఎగిరి పడవూ? అలాగే గాలి సన్నని ఇసుకను ఎగరేసి తీరం వెంబడి గుట్టలుగా పోసింది.

ఎరుపు రంగు ఎలా వచ్చిందో మీకు వంటింట్లోనే తెలుస్తుంది. ఇనుప పెనాన్ని తడి తుడవకుండా వదిలేస్తే మర్నాటికి తుప్పు పట్టదూ? మన తూర్పు కనుమల రాళ్ళు అరిగి వచ్చిన ఇసుకలో ఇనుము కలిసిన ఖనిజాలున్నాయి. వేల ఏళ్ళ వానకీ ఎండకీ అవి తుప్పుపట్టి, ఇసుకరేణువులకు ఎర్రని పూత పూశాయి. ఆ రేణువులను కాస్తో కూస్తో పట్టి ఉంచుతున్నదీ ఆ పూతే. తర్వాత వాననీరు గెడ్డలుగా పారి, లోయలూ గోపురాలూ కోసి పెట్టింది.

ఇలాంటి ఎర్ర ఇసుకదిబ్బలు మన దక్షిణాసియాలో తమిళనాడు, శ్రీలంక తీరాల్లో తప్ప దాదాపుగా కనబడవు. 1886లోనే భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ వీటి గురించి రాశారు. ఆ శాఖే 2014లో వీటిని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో తిరుమల కొండలతోపాటు ఇవీ యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి.

ఇంత పేరున్నా ముప్పు తప్పలేదు సుమా! 2024 జులైలో దిబ్బల దగ్గర యంత్రాలతో మట్టి తవ్వి చదును చేస్తున్నారని గగ్గోలు పుట్టాక పనులు ఆపించారు. 2023లో భోగాపురం విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగాక ఈ తీరమంతటా స్థలాల గురించిన మాటలే. ఇసుక మళ్ళీ దొరకొచ్చు, కానీ ఒకసారి చదునైన దిబ్బను తిరిగి నిలబెట్టాలంటే ఎవరితరం?

యంత్రాల సంగతి పెద్దలు చూసుకుంటారులే అనుకోకండి. మనం చేసే చిన్న పొరపాట్లూ ఉన్నాయి. గోడ అంచులకు, గడప ముందు అలకడానికి బాగుంటుందని సంచీలో ఎర్రమన్ను తెచ్చుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఆ మన్ను వేరేచోట దొరుకుతుంది, అక్కడినుంచి మాత్రం తేవద్దు.

ఈసారి వెళ్ళినప్పుడు ఇవి గుర్తుంచుకోండి:

* పిల్లల్ని గట్ల మీదికి ఎక్కనివ్వకండి. అంచు విరిగి పడితే ప్రమాదం, దిబ్బకూ నష్టం.

* గోడల మీద పేర్లు చెక్కనివ్వకండి.

* వాన కురిసిన వెంటనే గెడ్డల్లో దిగొద్దు. పొద్దున్నే వెళ్ళండి, మంచినీళ్ళు వెంట ఉంచుకోండి.

* పొయ్యి అక్కడ పెట్టకండి. వంట ఇంట్లోనే చేసుకెళ్ళి, విస్తళ్ళు, కవర్లు తిరిగి తెచ్చేయండి.

పిల్లలు ఇంటికొచ్చాక చెప్పులు దులిపితే ఎర్రమన్ను ఎలాగూ రాలుతుంది. మనం తెచ్చుకోవాల్సింది ఆ మాత్రమే!