డిజైన్ కాలేజీలో ఫీజు కట్టే ముందు: అపోహలు, వాస్తవాలు

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం తిరగకముందే నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర, మహబూబ్‌నగర్ బస్టాండ్ చుట్టుపక్కల కొత్త ఫ్లెక్సీలు లేస్తాయి. ఇంజినీరింగ్ కాలేజీల పక్కనే ఇప్పుడు యానిమేషన్, ఫ్యాషన్ డిజైనింగ్, ఇంటీరియర్, వీఎఫ్ఎక్స్ కూడా కనిపిస్తున్నాయి. చదువులన్నీ మంచివే. వాటి గురించి ఈ రెండు జిల్లాల్లో తిరిగే మాటల్లోనే నిజమెంత, కట్టుకథ ఎంత అన్నది తేలాలి.

"ఎంపీసీ, బైపీసీ చదవలేనోళ్ళకే బొమ్మల కోర్సులు"

కాదు. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ)లో నాలుగేళ్ళ బీఎఫ్ఏకి ఇంటర్‌లో ఏ గ్రూపైనా సరిపోతుంది. పెయింటింగ్, శిల్పం, అప్లైడ్ ఆర్ట్, ఫొటోగ్రఫీ, యానిమేషన్... ఏది కావాలన్నా ఫాడీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. అందులో బొమ్మ గీసి చూపించాల్సిందే. జాతీయ ఫ్యాషన్ సంస్థ నిఫ్ట్ బీడిజైన్‌కైనా, ఐఐటీల బీడిజైన్‌కు పెట్టే యూసీడ్‌కైనా గ్రూపు అడ్డం కాదు. ఆర్కిటెక్చర్‌కు మాత్రం లెక్కలు ఉండాలి. నిఫ్ట్‌లో రెండో అంచెకు పిలుపొచ్చినవాళ్ళ ముందు కొంత సామాను పెట్టి, దానితో అక్కడికక్కడే ఏదైనా చేసి చూపించమంటారు. ఈఏపీసెట్ ర్యాంకు తెచ్చుకున్న పిల్లాడు కూడా అక్కడ తెల్లముఖం వేయొచ్చు.

మన పిల్లలకు అసలు అడ్డంకి గ్రూపు కాదు, ఇంగ్లీషు. యూసీడ్ ప్రశ్నపత్రం ఇంగ్లీషులోనే ఉంటుంది. నిఫ్ట్‌ది ఇంగ్లీషు, హిందీల్లో ఉంటుంది. అచ్చంపేటలో, దేవరకొండలో తెలుగు మీడియం చదివిన అమ్మాయికి గీత ఎంత బాగా వచ్చినా ప్రశ్న అర్థం కాక సీటు పోతుంది. అందుకని బొమ్మల కోచింగ్ కన్నా ముందు భాష మీద ఒక ఏడాది పెట్టడం మేలు. ఈ మాట ఏ ఫ్లెక్సీ మీదా ఉండదు.

"ఏ ఇన్‌స్టిట్యూట్‌లో చదివినా ఆఖరికి డిగ్రీ వస్తది గదా"

ఎక్కువ డబ్బు పోయేది ఈ నమ్మకం దగ్గరే. కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం.

యూజీసీ చట్టం 1956లో వచ్చింది. దాని 22వ సెక్షన్ ప్రకారం డిగ్రీ ఇచ్చే హక్కు చట్టం ద్వారా ఏర్పడిన యూనివర్సిటీలకు, డీమ్డ్ యూనివర్సిటీలకు, పార్లమెంటు ఆ అధికారమిచ్చిన సంస్థలకు మాత్రమే ఉంది. మూడంతస్తుల భవనంలో అద్దాల తలుపులు, మాక్ కంప్యూటర్లు ఉన్నంత మాత్రాన ఏ ఇన్‌స్టిట్యూటూ డిగ్రీ ఇవ్వలేదు. అది ఇవ్వగలిగేది డిప్లొమా, సర్టిఫికెట్. "మాకు ఫలానా రాష్ట్రంలోని యూనివర్సిటీతో టై-అప్ ఉంది" అంటే అక్కడే ఆగి అడగాలి. ప్రైవేటు యూనివర్సిటీలు తమ పరిధి దాటి ఫ్రాంచైజీ సెంటర్లు పెట్టి డిగ్రీలు పంచడానికి వీల్లేదని యూజీసీ ఎన్నోసార్లు హెచ్చరించింది. 2005లో యశ్‌పాల్ కేసులో సుప్రీంకోర్టు ఛత్తీస్‌గఢ్ ప్రైవేటు యూనివర్సిటీల చట్టంలోని కీలక సెక్షన్లను కొట్టేసింది. ఒకే ఒక్క దెబ్బకు వందకు పైగా యూనివర్సిటీలు ఎగిరిపోయాయి. వాటిలో కొన్ని ఒక్క గదిలో బోర్డు పెట్టుకుని నడిచినవే.

మరి డిప్లొమా అంటే చిత్తు కాగితమా? అదీ కాదు. నిఫ్ట్ 1986లో పుట్టింది, హైదరాబాద్‌కు 1995లో వచ్చింది. కానీ 2006లో పార్లమెంటు చట్టం చేసేదాకా అది డిగ్రీ ఇవ్వలేదు, డిప్లొమాలే ఇచ్చింది. అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ ఎన్‌ఐడీ 1961 నాటిది. దాని చట్టం 2014లో వచ్చింది, అంతవరకు అక్కడా డిప్లొమాలే. ఆ డిప్లొమాలు పట్టుకుని వచ్చినవాళ్ళను ఏ కంపెనీ వెనక్కి పంపలేదు. స్టూడియోవాడు సర్టిఫికెట్ కన్నా ముందు పోర్ట్‌ఫోలియో అడుగుతాడు, వీఎఫ్ఎక్స్ అయితే డెమో రీల్ అడుగుతాడు. డిగ్రీ కావాల్సి వచ్చేది ఎంఎఫ్ఏకు, సర్కారు నౌకరీకి, కాలేజీలో పాఠం చెప్పడానికి. మీ పిల్ల ఏ దారిన పోవాలనుకుంటుందో ముందు తేల్చుకుంటే ఏ కాగితానికి ఎంత కట్టొచ్చో దానంతటదే తేలుతుంది. డిగ్రీ ధర పెట్టి డిప్లొమా కొనడం మాత్రం నష్టం.

ఫీజు రీయింబర్స్‌మెంట్ మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. "అంతా గవర్నమెంటే కడ్తది" అని కౌన్సెలర్ చెప్పగానే తలూపకుండా ఆ కాలేజీ, ఆ కోర్సు ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్ ఈపాస్‌లో ఉన్నాయో లేవో చూడండి. లేకపోతే ఆ మాటకు విలువ లేదు.

"ప్రైవేటు అంటేనే మోసం"

దెబ్బ తిన్నవాళ్ళు ఇలా అంటారు. అదీ తొందరపాటే. మాదాపూర్‌లోని శ్రీవేంకటేశ్వర ఫైన్ ఆర్ట్స్ కాలేజీ ప్రైవేటుదే, కానీ అనుబంధం జేఎన్ఏఎఫ్ఏయూది. అక్కినేని కుటుంబం 2011లో మొదలుపెట్టిన అన్నపూర్ణ ఫిల్మ్, మీడియా కాలేజీ కూడా అదే యూనివర్సిటీ అనుబంధంతో డిగ్రీ కోర్సులు నడిపింది. ఇక పోచంపల్లి పక్కన జలాల్‌పూర్‌లో స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ పల్లె యువతకు చేతిపనుల్లో, కుట్టుపనిలో, ఇతర వృత్తుల్లో ఏళ్ళ తరబడి శిక్షణ ఇస్తోంది. అక్కడ డిగ్రీ రాదు, వస్తుందని వాళ్ళూ చెప్పరు. నిజాయితీ అంటే అది.

"హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్ గ్యారంటీ"

అమెరికాలో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్స్ అని ఒక ప్రైవేటు కాలేజీల గొలుసు ఉండేది. డిజైన్, ఫ్యాషన్, యానిమేషన్, వంట... అన్నీ నేర్పేది. పిట్స్‌బర్గ్‌లో 1921లో మొదలై ఒకప్పుడు యాభై దాకా క్యాంపస్‌లకు పాకింది. తమ పట్టభద్రుల్లో 80 శాతానికి పైగా ఆరు నెలల్లో సొంత రంగంలోనే కొలువులు పొందారని ప్రచారం చేసుకుంది. అమెరికా విద్యాశాఖ లెక్క తీస్తే అసలు సంఖ్య సగటున 57 శాతం లోపే తేలింది. ఒక క్యాంపస్‌లో విద్యార్థుల సగటు జీతం పెంచి చూపడానికి టెన్నిస్ తార సెరెనా విలియమ్స్ సంపాదనను కూడా కలిపేశారు! ఆమె కొన్నాళ్ళు అక్కడ చదివిన మాట నిజమే. 2023 సెప్టెంబరు 30న మిగిలిన ఎనిమిది క్యాంపస్‌లూ మూతపడ్డాయి. మరుసటి ఏడాది మే నెలలో 3 లక్షల 17 వేల మంది పాత విద్యార్థులకు 610 కోట్ల డాలర్ల అప్పును అక్కడి ప్రభుత్వం రద్దు చేసింది. మన దగ్గర అలా అప్పు మాఫీ చేసేవాళ్ళు లేరు. ఎకరం అమ్మి కట్టిన ఫీజు తిరిగి రాదు.

కాలేజీ నిజాయితీగా ఉన్నా పరిశ్రమ నిలకడగా ఉంటుందన్న భరోసా లేదు. 'లైఫ్ ఆఫ్ పై'లో పులిని సృష్టించిన రిథమ్ అండ్ హ్యూస్‌కు హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. 2013 ఫిబ్రవరిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. అదే నెలలో ఆ సినిమా గ్రాఫిక్స్‌కు ఆస్కార్ వచ్చింది. ఆస్కార్ గెలిచిన స్టూడియోనే జీతాలివ్వలేక తంటాలు పడితే, మీ వీధిలోని ఇన్‌స్టిట్యూట్ నూటికి నూరు శాతం ఉద్యోగం ఎక్కడినుంచి తెస్తుంది? గ్యారంటీ అనే మాట వినబడితే, పోయినేడాది ఎంతమంది చేరారు, ఎంతమంది పూర్తి చేశారు, వాళ్ళిప్పుడు ఎక్కడున్నారు అని అడగండి. ఫోన్ నంబర్లు ఇస్తే నలుగురితో మాట్లాడండి. ఇవ్వకపోతే అదే జవాబు.

"మగ్గం మీద కూసున్నోళ్ళకు డిజైన్ కాలేజీ ఏం నేర్పుతది?"

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాలకు ఇది ఇంటి ప్రశ్న. నూలును ముందే చిటికి కట్టి, రంగులద్ది, ఆ రంగు సరిగ్గా పడాల్సిన చోట పడేలా నేసే పోచంపల్లి నేత గ్రాఫ్ కాగితం మీద మొదలవుతుంది. పుట్టపాక తేలియా రుమాలుకు నూలును నూనెలో, బూడిద నీళ్ళలో నానబెట్టి పదును చేస్తారు. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచు, పట్టు కొంగు అతుకుతాయి. నారాయణపేట చీరది మరో లెక్క. ఏ డిజైన్ స్కూల్లోనైనా సర్ఫేస్ డిజైన్, టెక్స్‌టైల్ స్ట్రక్చర్ అని చెప్పేవి ఇవే. నిఫ్ట్ కోర్సులో క్రాఫ్ట్ క్లస్టర్ అధ్యయనం ఒక భాగం. నగరాల పిల్లలు నేతపల్లెలకు వచ్చి నోట్సు రాసుకుని పోతారు. ఆ నేతకారుడి కూతురికి మాత్రం ఆ కాలేజీలో సీటు ఉంటుందన్న సంగతే తెలియదు. చేతివృత్తుల కుటుంబాల పిల్లలకు నిఫ్ట్ బీడిజైన్‌లో ప్రత్యేక ప్రవేశం ఉంది. దానికి నేత, హస్తకళల గుర్తింపు కార్డు కావాలి. ఇంట్లో ఆ కార్డు బీరువాలో పడి ఉంటే ముందు బయటికి తీయండి.

తిరగేసిన మాట కూడా వినిపిస్తుంది, "మగ్గం వస్తే చాలు, చదువెందుకు" అని. దానికి ఆలేరు దగ్గరి శారాజీపేట చింతకింది మల్లేశంను చూపిస్తారు. ఒక్క చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పాలంటే, చెయ్యి వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. తల్లి భుజం నొప్పి చూడలేక, బడి మధ్యలో మానేసిన ఆయన ఆసు యంత్రం చేశాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. అది నిజం. కానీ ఆ యంత్రం కుదరడానికి ఆయనకు ఏళ్ళు పట్టాయి, అప్పులూ అయ్యాయి. మెకానిక్స్ నేర్పేవాళ్ళెవరైనా పక్కనుంటే ఆ ఏళ్ళు తగ్గేవి. మల్లేశం కథను చదువు అక్కర్లేదనడానికి వాడుకోవడం ఆయన పడ్డ కష్టాన్ని అర్థం చేసుకోకపోవడమే.

పదో తరగతి అయినవాళ్ళకు చేనేత సాంకేతిక డిప్లొమా ఉంది, మూడేళ్ళు. ఇదివరకు దానికోసం మన పిల్లలు నెల్లూరు వైపు వెంకటగిరికో, ఒడిశాలోని బర్‌గఢ్‌కో పోయేవారు. 2024లో కొండా లక్ష్మణ్ బాపూజీ పేరిట హైదరాబాద్‌లోనే ఆ సంస్థ మొదలైంది. నేతను పక్కనపెట్టి బొమ్మల సంగతి చూసినా, తెలంగాణ రాష్ట్ర చిహ్నం గీసిన ఏలె లక్ష్మణ్‌ది ఉమ్మడి నల్లగొండలోని కదిరేనిగూడెం. ఇక బొమ్మలు మనవాళ్ళకు కొత్త అని ఎలా అంటాం?

"కెనడాలో ఆర్ట్ కాలేజీ అయితే సెటిలైనట్టే"

కెనడాలో ప్రైవేటు కెరీర్ కాలేజీ అన్నది ఒక ప్రత్యేక వర్గం. లైసెన్సు ఉంటుంది, డిప్లొమా ఇస్తుంది. కానీ చదువయ్యాక అక్కడ పనిచేయడానికిచ్చే పర్మిట్, పీజీడబ్ల్యూపీ, ఆ డిప్లొమాతో మామూలుగా రాదు. ఏజెంటు చూపించే బ్రోచర్‌లో ఈ ఒక్క లైను మాత్రం దొరకదు. ఆ దేశపు ఇమిగ్రేషన్ వెబ్‌సైట్‌లో సంస్థ పేరు కొట్టి, పీజీడబ్ల్యూపీకి అర్హత ఉందో లేదో మీరే చూడండి.

"లోయర్, హయ్యర్ రాసి టీటీసీ చేస్తే అదే డిగ్రీ"

ప్రభుత్వ పరీక్షల విభాగం పెట్టే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు, ఆపైన వేసవిలో 42 రోజుల టీటీసీ శిక్షణ బళ్ళలో డ్రాయింగ్ టీచర్ కావాలనుకునేవాళ్ళకు పనికొస్తాయి. ఖర్చు తక్కువ. అప్లైడ్ ఆర్ట్ కోర్సుకు అవి బదులు కావు, కానీ పదో తరగతి పిల్లకు చెయ్యి తిరగడానికి ఇంతకన్నా చవకైన దారి లేదు.

ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్ గుమ్మం ఎక్కే ముందు ఒక్క పని చేయండి. ఫాడీ ప్రకటన మామూలుగా వేసవిలో వస్తుంది. ఆ దరఖాస్తు పెట్టించి, పరీక్ష రాయించండి. సీటు రాకపోతే అప్పుడు ప్రైవేటు సంగతి చూడొచ్చు. చూసినా, డిగ్రీ ఏ యూనివర్సిటీ పేరు మీద వస్తుందో కాగితం మీద రాసివ్వమని అడగండి. రాసివ్వని చోట అడ్వాన్సు కూడా కట్టకండి.