శరీరములో దాచిన మోసము



స్త్రీల రొమ్ములను గూర్చి సంఘ పత్రికలో వ్రాయవచ్చునా అని కొందరు పెద్దలు అడుగవచ్చును. సిగ్గుచేత చెప్పుకొనక, బాధ ముదిరిన తరువాత ఆసుపత్రికి వెళ్లు సహోదరీలు ఉన్నారు గనుక మేము వ్రాయుచున్నాము.

ఫ్రాన్సు దేశములో 1991లో జాన్ క్లాడ్ మాస్ అనునతడు పి.ఐ.పి. అను కంపెనీ పెట్టెను. రొమ్ములు పెద్దవిగా కనబడుటకు ఆపరేషన్ చేసి లోపల అమర్చు సిలికాన్ సంచులను అది తయారుచేసెడిది. క్యాన్సర్ వలన రొమ్ము తీసివేయబడినవారికిని వాటిని అమర్చిరి. వైద్యమునకు తగిన సిలికాన్ ఖరీదైనది. కాబట్టి ఫ్యాక్టరీ పనులకు వాడు చవుక సిలికాన్ నింపి అమ్మిరి. తనిఖీవారు వచ్చినప్పుడు దానిని దాచివేసిరి. పాలలో నీళ్లు కలుపువారిని మనమెరుగుదుము, ఇది అంతకు మించినది. సంచులు చిరుగుట ఎక్కువగుట చూచి 2010 మార్చిలో అధికారులు అమ్మకము ఆపిరి. అప్పటికి ఫ్రాన్సులోనే సుమారు 30,000 మంది, లోకమంతట దాదాపు 3,00,000 మంది వాటిని అమర్చుకొనియుండిరి. 2013లో కోర్టు మాస్‌కు 4 సంవత్సరముల జైలుశిక్ష విధించెను. 2019లో అతడు మరణించెను.

మోసము లేని మంచి సంచియైనను జీవితాంతము నిలుచునది కాదు. శరీరము దాని చుట్టు ఒక పొర కట్టును. కొందరిలో ఆ పొర బిగిసి, రొమ్ము గట్టిపడి నొప్పి పుట్టును. సంచి లోపల చిరిగినను పైకి తెలియకపోవచ్చును. గరుకు పైపొర గల సంచుల చుట్టు అరుదుగా ఒక విధమైన క్యాన్సర్ వచ్చుచున్నదని తేలి, 2019లో అలెర్గాన్ కంపెనీ అట్టి రకమును లోకమంతట వెనుకకు తీసికొనెను.

కేవలము అందము కొరకు ఆరోగ్యమైన దేహమును కోయించుకొనుట మాకు సమ్మతము కాదు. అయితే పెండ్లిచూపులలో పిల్ల రంగును, ఒడ్డుపొడుగును తూచు మన కుటుంబములు ఆ స్త్రీలను ఏమని నిందింపగలవు? క్యాన్సర్ నుండి బయటపడి, మరల నిండుగా కనబడగోరిన తల్లిని సోకులాడి అనుట క్రూరత్వము.

ఈ ఆపరేషన్ మన పట్టణములలోను జరుగుచున్నది. చేయించుకొనినవారు సంచి కంపెనీ పేరు, నంబరు గల కార్డును పారవేయక ఉంచుకొనవలెను. ఎన్నేండ్లు గడచినను వాపు, గడ్డ, నొప్పి, ఆకారములో మార్పు కనబడినయెడల వెంటనే వైద్యునికి చూపవలెను. స్కానింగ్ అవసరము కావచ్చును. ఒంటరిగా వెళ్లుటకు జంకు సహోదరి పాస్టరమ్మగారిని వెంటబెట్టుకొని వెళ్లవచ్చును.