బావిలో వెలిసిన దేవుళ్లు, ధార కింద వదిలే రోగాలు

ఐర్లండ్‌లో మహిమ గల బావులు 3,000 దాకా ఉన్నాయని అంచనా. మన రాష్ట్రంలో ఇంచుమించు సగముండే దీవి అది. కంటి జబ్బుకొక బావి, పంటి నొప్పికొక బావి, పులిపిర్లకొక బావి. భక్తులు కుడివైపుగా ప్రదక్షిణలు చేస్తారు, లెక్క తప్పకుండా గులకరాళ్లు పెట్టుకుంటారు. గుడ్డపీలికను నీళ్లలో ముంచి, నొప్పి ఉన్నచోట అద్ది, పక్క చెట్టుకు కడతారు. పీలిక చివికే కొద్దీ రోగం తగ్గుతుందని నమ్మకం. (పాలిస్టర్ పీలిక కట్టినవాళ్ల గతి ఏమిటో!) కెర్రీ అనే చోట ఒక లోయలో బావి నీళ్లు తాగితే పిచ్చి కుదురుతుందట. ఆ నీళ్లలో లిథియం ఉందనీ, మహిమంతా దానిదేననీ ఈమధ్య ఒక వాదన లేచింది. మానసిక వైద్యంలో లిథియం వాడే మాట నిజమే కానీ, డాక్టర్లిచ్చే మోతాదు బావి నీళ్లతో రావాలంటే బావికి బావే తాగాలి.

విశాఖ గాజువాక వాళ్లం ఇది విని ముక్కున వేలేసుకోనక్కర్లేదు. అక్కడ బావి గట్టున సెయింటు ఉంటే, మన దగ్గర బావిలోంచి ఏకంగా దేవుడే లేచి వస్తాడు. ఈ పోటీలో మొదటి బహుమతి మనదే.

పైకప్పు వద్దన్న తల్లి

విశాఖ పాతనగరం బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారి విగ్రహం 1912లో ఒక బావిలో దొరికింది. శత్రువుల చేతిలో పడకుండా రాజుల కాలంలో బావిలో దాచారని స్థానికుల మాట. పైకి తీసి వీధిలోనే నిలబెట్టి పూజలు మొదలుపెట్టారు. 1917లో రోడ్డు పని కోసం మున్సిపాలిటీ వాళ్లు విగ్రహాన్ని పక్కకు జరిపారు. అదే సమయంలో ఊళ్లో ప్లేగు ప్రబలింది. తల్లిని కదిపినందుకే ఈ చావులన్నారు జనం. తిరిగి పాత చోట నిలిపారు, ప్లేగు తగ్గింది. రోడ్డు పనికీ మహమ్మారికీ ముడిపడిన ఇలాంటి కథ ఇంకో నగరానికి ఉన్నట్టు నేను వినలేదు.

ప్లేగు క్రిమిని 1894లోనే హాంకాంగ్‌లో కనిపెట్టారు. ఎలుకల మీది ఫ్లీ అనే పురుగులు దాన్ని మోస్తాయనీ అప్పటికే తెలుసు. ప్లేగు ఊళ్లోకి వచ్చిన కొన్నాళ్లకు దానంతట అదే తగ్గడమూ ఉంది. అయినా ఆ రోజుల్లో ఊరికి కొండంత ధైర్యం ఇచ్చింది మందు కాదు, బావి తల్లి. ఈ సంగతి చరిత్ర రాసేవాళ్లు వదిలేయకూడదు.

అమ్మవారి ఎడమ చెయ్యి మోచేతి పైనుంచి ఉండదు. కాశీకి పోతున్న బ్రాహ్మణుడు స్నానానికి బావి దగ్గర ఆగితే, నన్ను పైకి తీసి నిలబెట్టమని లోపల్నుంచి పలికిందట. ఆయన కాశీ ప్రయాణం ఆగిపోతుందని కాదన్నాడు. అమ్మవారు కోపించి ఎడమ చేతిలోని పరిఘ అనే ఆయుధం ఎత్తితే, శివుడు అడ్డుపడి ఆ చెయ్యి ఖండించి శాంతింపజేశాడని కథ. గర్భాలయానికి నేటికీ పైకప్పు లేదు. కుల భేదం లేకుండా ఎవరి చేతులతో వాళ్లే అమ్మవారికి పసుపు కుంకుమలు పెట్టవచ్చు. పుట్టిన బిడ్డను తెచ్చి అమ్మ పాదాల దగ్గర పడుకోబెట్టడం విశాఖ ఇళ్లలో ఆనవాయితీ. మార్గశిర గురువారాల్లో మాత్రం పసిపిల్లలతో ఆ క్యూలో నిలబడటం సాహసమే.

కవచం చాలని దేవుడు

వైద్యం చేసిన బావుల్లో తెలుగునాట పెద్దపీట చిత్తూరు జిల్లా కాణిపాకానిది. గుడ్డి, మూగ, చెవిటి అయిన ముగ్గురు అన్నదమ్ములు ఎండిన బావిని లోతు చేస్తుంటే పార రాతికి తగిలి నెత్తురు చిమ్మింది. ఆ నెత్తుటి నీళ్లు తాకగానే ముగ్గురి లోపాలూ పోయాయని స్థలపురాణం. వరసిద్ధి వినాయకుడు ఈనాటికీ ఆ బావిలోనే ఉన్నాడు. బావి నీళ్లే తీర్థం. స్వామి పెరుగుతున్నాడనడానికి సాక్ష్యంగా, వెనకటికి చేయించిన వెండి కవచం ఇప్పుడు పట్టడం లేదని చూపిస్తారు. రోగులకన్నా అబద్ధాలకోరులు ఈ బావికి ఎక్కువ భయపడతారు, ఎందుకంటే ఇక్కడి ప్రమాణం తప్పితే గట్టెక్కలేమని నమ్మకం.

కొండ కార్చే నీళ్లు

మన ఉక్కు కర్మాగారానికి ఏలేరు నీళ్లు 150 కిలోమీటర్లకు పైగా కాలువ వెంట నడిచి రావాలి. సింహాద్రి అప్పన్నకు ఆ బాధ లేదు. గంగధార, ఆకాశధార, చక్రధార, మాధవధార అంటూ కొండే అన్ని వైపులా నీళ్లు కారుస్తుంది. తూర్పు కనుమల ఖోండలైటు రాయి పైపొరలు కుళ్లి గుల్లబారి ఉంటాయి. వాన నీరు అందులో ఇంకి, నెమ్మదిగా పక్కల నుంచి ఊటగా దిగుతుంది. మూలికల వేళ్లను తాకి వస్తుంది కాబట్టి ధార కింద తలపెడితే ఒంటి రోగాలు పోతాయని పెద్దల మాట. అక్షయ తృతీయ నాడు చందనం ఒలిచిన స్వామికి ఆ రాత్రి చేసే సహస్ర ఘటాభిషేకానికి వెయ్యి కలశాల నీళ్లు గంగధార నుంచే రావాలి. ఆషాఢంలో 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ చేసేవాళ్లు మాధవధార మీదుగానే నడుస్తారు. మాధవధార పేటలోనే ఉంటూ ధార ఎక్కడుందో చూడనివాళ్లు కూడా బోలెడుమంది.

మరికొన్ని

నెల్లూరు స్వర్ణాల చెరువులో మొహర్రం రోజుల్లో నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. జబ్బు తగ్గాలంటే ఆరోగ్య రొట్టె పట్టుకోవాలి. మొక్కు తీరితే మరుసటి ఏడు వచ్చి తిరిగి ఇవ్వాలి. గట్టునున్న బారాషహీద్ దర్గాలో పన్నెండుమంది అమరవీరుల సమాధులున్నాయి. అక్కడి మట్టితోనే ఆర్కాటు నవాబు బేగం జబ్బు నయమైందని కథ. హిందువులూ ముస్లింలూ ఒకే నీళ్లలో దిగే ఇంత పెద్ద వైద్య పండుగ మరెక్కడుందో చెప్పడం కష్టం.

మహానంది కోనేటి నీళ్లలో అడుగున పడ్డ నాణెం పైకి కనిపిస్తుంది, మట్టం మాత్రం ఏడాది పొడవునా మారదు. విజయవాడ గుణదల కొండ మీద 1924లో మేరీమాతను నిలిపారు. ఫ్రాన్స్‌లోని లూర్దు గుహకు ఇది మన రూపం. ఆ లూర్దు ఊట వల్ల నయమైందని 1858 నుంచి వేలమంది చెప్పుకుంటే, డాక్టర్ల పరీక్ష దాటి చర్చి అద్భుతమని ఒప్పుకున్నవి డెబ్బై పైచిలుకే. నయమైందన్న ప్రతివాళ్ల మాటనూ ఇంత గట్టిగా వడపోసే తీర్థం లూర్దు ఒక్కటే అనుకుంటాను.

గాజువాక నుంచి అప్పన్న కొండకు వెళ్లేవాళ్లు గంగధార దాకా కూడా నడవండి. ధార కింద సబ్బులు, షాంపూ పొట్లాలు వాడకండి. మంటపెడుతున్న కంట్లో మాత్రం ఏ తీర్థమూ పోయకుండా ముందు కళ్ల డాక్టరుకు చూపించండి.