పళ్ళకు పట్టిన గార

విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్ళే బస్సు ఎక్కితే నందిగామ, ఆ తర్వాత జగ్గయ్యపేట వస్తాయి. 2022 దాకా ఈ మెట్ట ప్రాంతం కృష్ణా జిల్లాలో ఉండేది. ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. జగ్గయ్యపేట చుట్టూ నేలలో ఉన్నది సున్నపురాయి. అక్కడ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది అందుకే. 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించిన బౌద్ధస్తూపానికి తాపిన పలకలూ సున్నపురాయివే. ఆ రాయిని కాల్చి, సున్నం చేసి, ఇసుక కలిపి గానుగలో నూరితే గార. పాత గోడలను పట్టి నిలిపింది అదే.

పళ్ళమీద పేరుకునే గట్టి పదార్థాన్ని కూడా మనవాళ్ళు గార అనే అన్నారు. పేరు చక్కగా కుదిరింది గాని, ఒక చిక్కు తెచ్చిపెట్టింది. “గార తీయిస్తే పళ్ళు కదిలిపోతాయి” అని పెద్దవాళ్ళు అనగా మీరు వినే ఉంటారు. గోడకు గార పట్టు గనుక పంటికీ అదే పట్టు అనుకుంటారు. అసలు సంగతి దీనికి తలకిందులు.

మీ కింది ముందుపళ్ళ వెనకభాగాన్ని నాలుకతో తడిమి చూడండి. గరుకుగా ఉందా? లాలాజలం నోట్లోకి ఊరే చోటు దానికి దగ్గరే. తోముకున్న కొద్ది గంటలకే పంటిమీద సూక్ష్మజీవుల మెత్తటి పొర ఏర్పడుతుంది. 1683లో హాలండులో లీవెన్‌హుక్ తన పళ్ళ సందుల్లోని పిండిలాంటి తెల్లటి పదార్థాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే, అందులో కదలాడే జీవులు కనిపించాయి! ఈ పొరను తోమేయకపోతే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేటు అందులో చేరి, కొన్ని రోజుల్లో రాయిలా గట్టిపడుతుంది. బోరునీళ్ళు కాచే గిన్నెకు పట్టే తెల్లటి పొర వేరు, ఇది వేరు. మంచినీళ్ళు మార్చినంత మాత్రాన గార ఆగదు.

చిగురు ఊరుకుంటుందా? 1965లో డెన్మార్కులో హారల్డ్ లోయె అనే శాస్త్రజ్ఞుడు పన్నెండుమందిని పళ్ళు తోముకోవడం మానమన్నాడు. వాళ్ళలో తొమ్మిదిమంది దంతవైద్య విద్యార్థులే! 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోముకోగానే వారం పదిరోజుల్లో తగ్గాయి.

ఏళ్ళ తరబడి వదిలేస్తే మాత్రం కొందరిలో వాపు లోపలికి దిగుతుంది. సూక్ష్మజీవులతో శరీరం చేసే పోరాటంలో పంటిని పట్టి ఉంచే ఎముక కరిగిపోతుంది. పన్ను కదిలేది అందుకు. నొప్పి ఉండదు, తోముకునేటప్పుడు రక్తం కనిపిస్తుంది, అంతే. పొగతాగేవాళ్ళకు ఆ రక్తం కూడా అంతగా కనపడదు, అదే మోసం. పొగాకు, అదుపులో లేని మధుమేహం జబ్బును ఇంకా పెంచుతాయి.

ఆరోగ్యమైన చిగురుకూ పంటికీ మధ్య సందు 1 నుంచి 3 మిల్లీమీటర్ల లోతు. జబ్బుచేస్తే అది 5, 6 మిల్లీమీటర్ల సంచి అవుతుంది. బ్రష్షూ, వేపపుల్లా అంత లోతుకు పోలేవు. డాక్టరు ముందుగా గీతలున్న సన్నని పుల్లలాంటి పరికరంతో ప్రతి పంటి చుట్టూ లోతు కొలుస్తాడు. తిమ్మిరి ఇంజెక్షను ఇచ్చి, సెకనుకు సుమారు 25,000 సార్లు అదిరే మొనతో గారను పగలగొడతాడు. మొన వేడెక్కకుండా నీళ్ళు చిమ్ముతూనే ఉంటాయి. ఆ తర్వాత వంపు తిరిగిన చిన్న చెంచాలాంటి పనిముట్టును చిగురు కిందకు పోనిచ్చి, వేరుమీద అంటుకున్న నల్లటి గారను గీకి నున్నగా చేస్తాడు. నోరంతా ఒక్కరోజే కాక, రెండు మూడుసార్లుగా చేయడం మామూలే. విజయవాడలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉంది. నందిగామ నుంచి సుమారు 50 కిలోమీటర్లు.

ఇంటికి వచ్చాక కొన్నాళ్ళు చల్లటి నీళ్ళు జివ్వుమంటాయి. వాపు తగ్గి చిగురు కుదించుకుపోవడంతో పళ్ళు పొడుగ్గా, సందులుగా కనిపిస్తాయి. “చూశావా, పాడుచేశారు!” అని మీ తాతయ్య అనేది ఇక్కడే. ఆ సందు గార మూసిపెట్టినదేగాని, డాక్టరు చేసినది కాదని ఆయనకు మీరు చెప్పవచ్చు. కరిగిన ఎముక మామూలుగా తిరిగి రాదు. మిగిలినదాన్ని కాపాడుకోవడానికే ఈ వైద్యం.

నెలా రెండు నెలల తర్వాత డాక్టరు అదే పరికరంతో మళ్ళీ కొలుస్తాడు. 6 ఉన్నచోట 4 వచ్చి, రక్తం కారకపోతే, చిగురు పంటిని మళ్ళీ హత్తుకుంటున్నట్టే.