ఇంటి గుట్టు, ట్రస్టు దస్తావేజు

గడచిన మాఘమాసమున గుడివాడ ప్రాంతపు పల్లెనుండి మే మెరిగిన యొక పెద్దామె బందరులో మా యింటికి వచ్చి, చాపమీద కూర్చుండి, సంచిలోని కాగితములు మా ముందు పెట్టిరి. ఆమెకు రెండెకరముల మాగాణి, కొంత బంగారము, బ్యాంకిలో డిపాజిట్టు, నివసించు ఇల్లు గలవు. భర్త లేరు. కుమారుడు పరదేశమున నున్నాడు. కుమార్తెకు పుట్టుకతోనే బుద్ధిమాంద్యము. తన తరువాత ఆ పిల్లకు అన్నపానములకు లోటు రాకుండవలెనని, ఇల్లు తప్ప తక్కిన ఆస్తి నంతయు ఆమె తన జీవితకాలముననే ట్రస్టుగా వ్రాసి, మరిదిగారిని ధర్మకర్తగా నియమించి రిజిష్టరు చేయించిరి. ట్రస్టునకు కుమార్తె పేరే పెట్టిరి. పిల్ల వ్యాధి, కుమారునితో వచ్చిన మనస్పర్ధ, బంగారపు తూకము, అన్నియు ఆ దస్తావేజులోనే వ్రాయబడినవి. మూడు నెలలు తిరుగకముందే దాని నకలు దాయాదుల చేతికి వచ్చినది.

"అమ్మాయీ, నే నెవ్వరికిని చూపలేదే! వీరికెట్లు చిక్కినది?" అని ఆమె కంట నీరు పెట్టుకొనిరి.

ఇంటిగుట్టు లంకకు చేటను సామెత మన మెరిగినదే. అయితే ఇచట గుట్టు విప్పినది విభీషణుడు కాదు, చట్టమే. 1908 సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టము ప్రకారము, భూమికి ఇంటికి సంబంధించిన దస్తావేజులు 1వ పుస్తకమున ఎక్కును. ఫీజు చెల్లించిన వారెవరైనను ఆ పుస్తకము చూడవచ్చును, నకలు పొందవచ్చును. కొనుగోలుదారు మోసపోకుండుటకై ఏర్పడిన నియమ మిది. దానిని తప్పు పట్టుట కాదు. భూమితో సంబంధము లేని పత్రములు 4వ పుస్తకమున ఎక్కును. వాని నకళ్లు వ్రాసినవారికి, ఆ పత్రమువలన హక్కు పొందువారికి, వారి ప్రతినిధులకు మాత్రమే యిత్తురు. 1882 నాటి ట్రస్టు చట్టమును బట్టి భూమిని జీవితకాలమున ట్రస్టు చేయవలెనన్న రిజిష్టరు తప్పదు. నగలు, ధనము మాత్రము ధర్మకర్త స్వాధీనముచేసి ఆయన పేర మార్చినను ట్రస్టు చెల్లును. కావున ఆ పెద్దామె బంగారమును డిపాజిట్టును వేరొక పత్రమున వ్రాసియుండిన, వాని సంగతి ఊరివారికి తెలియకపోయెడిది. ఒక్క కాగితముతో పోవునన్న పొదుపు ఆమెకు కీడు చేసినది.

ఎవరి మేలుకొరకు ట్రస్టు వ్రాయుచున్నామో ఆ వ్యక్తిని దాచుటకు వీలులేదు. లబ్ధిదారెవరో, ఉద్దేశమేమో స్పష్టముగా లేనిచో ట్రస్టే నిలువదు. కాని పిల్ల రోగమును, కొడుకుమీది కోపమును అందులో వ్రాయుమని ఏ చట్టమును అడుగలేదు. పేరు విషయమునను అంతే. బ్యాంకి ఖాతాపైనను, పొలము కాగితములపైనను ట్రస్టు పేరు కనబడుచునే యుండును. దానికి పిల్ల పేరేల? ఇంటిముందరి చెట్టు పేరో, ఇలవేల్పు పేరో చాలును.

ఆమెకు వచ్చిన రెండవ చిక్కు ఇంకను పెద్దది. మరిదిగారు కౌలు లెక్క చెప్పుట మానిరి. ఆమె ట్రస్టును రద్దుపరచుకొనగోరిరి. ఆ ట్రస్టు చట్టపు 78వ సెక్షను చూడుడు. జీవితకాలమున చేసిన ట్రస్టును రద్దుచేయు అధికారము తనకు ఉంచుకొంటినని పత్రములో వ్రాసియుండవలెను. లేదా లబ్ధిదారులందరును ఒడంబడికకు అర్హులై సమ్మతింపవలెను. ఆమె పత్రములో ఆ వాక్యము లేదు. కుమార్తెకు సమ్మతి తెలుపు శక్తి లేదు. ఒక్క వాక్యము లేకపోవుటచేత తన సొత్తుపై తనకే అధికారము పోయినది! సవరించు అధికారము, రద్దుచేయు అధికారము, ధర్మకర్తను మార్చు అధికారము, మూడును విడివిడిగా వ్రాయించుకొనవలెను. రద్దుచేయు అధికార ముంచుకొన్నచో ట్రస్టు రాబడిపై పన్ను వ్రాసినవారి లెక్కలోనే పడును. ఆ భారము ముందే తెలిసియుండుట మేలు.

ధర్మకర్తను ఒక్కనినే పేర్కొనుటయు ప్రమాదమే. దివిసీమవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19వ తేది ఉప్పెనలో కుటుంబములకు కుటుంబములే కొట్టుకొనిపోయినవి. ఎవరు ముందు, ఎవరు వెనుక పోయిరో తెలియనిచోట, పెద్దవారి తరువాత చిన్నవారు పోయినట్లు భావింపవలెనని 1956 నాటి హిందూ వారసత్వ చట్టపు 21వ సెక్షను చెప్పుచున్నది. ఆ క్రమమును బట్టియే ఆస్తి దారి మారును. అందుచేత ధర్మకర్తకు తరువాత ఎవరు, వారికి తరువాత ఎవరు అని వ్రాయవలెను. ఒకే యింటివారిని వరుసగా పేర్కొనకుండుట మంచిదని మా అభిప్రాయము.

అమెరికాలో చాలమంది గుట్టుకొరకే జీవితకాలపు ట్రస్టు వ్రాసికొందురు. అచట వీలునామా న్యాయస్థానమున చేరి అందరికిని కనబడును. మన వద్ద దారి తలక్రిందులు. ఇచట గుట్టు నిలుపునది వీలునామాయే. దానిని రిజిష్టరు చేయుట విధి కాదు. చేసినను 3వ పుస్తకమున ఎక్కును. వ్రాసినవారు బ్రతికియున్నంతకాలము నకలు వారికో వారి ప్రతినిధికో తప్ప ఇతరులకు ఇయ్యరు. ఇద్దరు సాక్షులు సంతకము చేయవలెను గాని, వారికి లోపలి సంగతి చదివి వినిపింపనక్కరలేదు. వీలునామాలోనే ట్రస్టు ఏర్పరుపవచ్చును, ఎన్నిసార్లయినను మార్చవచ్చును. ఇంకను గోప్యము కావలెనన్న, ముద్రవేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు వద్ద దాచవచ్చును. కవరుపై వ్రాసినవారి పేరు, లోపలిది వీలునామా యన్న మాట ఉండును. దానిని అగ్నికి చెడని పెట్టెలో భద్రపరతురు. కావలసినప్పుడు తిరిగి తీసికొనవచ్చును. సబ్‌రిజిస్ట్రారు కచేరిలో ఇది జరుగదు. అవనిగడ్డవారైనను చల్లపల్లి మీదుగా బందరు రావలసినదే.

పెద్దామె మరిదిగారి సంగతి యేమయినదందురా? 73వ సెక్షనులో చిన్న ద్వారమొకటి యున్నది. ధర్మకర్త తానే విడుదల కోరినచో, నియమించు వ్యక్తిని పత్రమున పేర్కొననియెడల, ట్రస్టు వ్రాసినవారే వేరొకరిని వ్రాతమూలకముగా నియమింపవచ్చును. కోర్టుకెక్కిన పిల్ల సంగతి మరల పదుగురి నోళ్ల పడును గదా! ఇంటి పెద్దలు ఇద్దరు మరిదిగారి నొప్పించిరి. ఆయన విడుదల కోరుచు చీటి వ్రాసి యిచ్చిరి. ఆమె తన అన్నగారి కోడలిని నియమించిరి. మిగిలిన ఇంటికి వీలునామా వ్రాసి, కవరునకు ముద్రవేయించి, బందరులోనే దాచిరి.

ఊరిలో అడిగినవారితో చిలకలపూడి పాండురంగస్వామి దర్శనమునకు వెళ్లితినని చెప్పిరట. అదియు అబద్ధము కాదు; కచేరినుండి తిన్నగా మేమిద్దరము గుడికే పోయితిమి.