ఎ.ఆర్.టి. చికిత్స విఫలమైనప్పుడు: ఔషధ నిరోధకతను గుర్తించడమెలా?

హెచ్.ఐ.వి. రోగి మందులు వాడుతున్నప్పటికీ ఆరోగ్యం క్షీణిస్తే "మందులు పనిచేయడం లేదు" అన్న మాట తేలికగా ప్రచారంలోకి వస్తుంది. ఆ మాట విని బాగున్నవారు సైతం మాత్రలు మానివేసే ప్రమాదమున్నది. చికిత్స విఫలం కావడం, వైరస్ మందులకు లొంగకపోవడం ఒకటి కావు. మొదటిదానికి రెండవది ఒక కారణం మాత్రమే.

దేశంలో ఉచిత యాంటీ రిట్రోవైరల్ చికిత్స (ఎ.ఆర్.టి.) 2004 ఏప్రిల్ 1న వ్యాధి తీవ్రత అధికంగా ఉన్న ఆరు రాష్ట్రాలలోను, ఢిల్లీలోను ప్రారంభమైంది. ఆ ఆరింటిలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. తొలినాటి మందులలో లామివుడిన్, నెవిరపిన్ ముఖ్యమైనవి. వైరస్ తన ప్రతులను తయారు చేసుకొనేటప్పుడు తప్పులు దొర్లుతుంటాయి. రక్తంలో మందులు తగిన మోతాదులో ఉన్నంతకాలం ప్రతులే తయారు కావు గనుక తప్పులకు తావుండదు. మోతాదు తగ్గినప్పుడు మాత్రం, మందును తట్టుకొనగల మార్పు వచ్చిన వైరస్ మిగిలి వృద్ధి చెందుతుంది. వైరస్ ఎంజైములో 103వ స్థానంలో లైసిన్ బదులు ఆస్పరజిన్ చేరితే చాలు, నెవిరపిన్, ఎఫావిరెంజ్ రెండూ నిరుపయోగమవుతాయి. పైగా నెవిరపిన్ రక్తంలో ఎక్కువకాలం నిలిచి ఉంటుంది. మూడు మందులను ఒకేసారి ఆపినవారు, తమకు తెలియకుండానే, కొన్ని రోజులపాటు ఒక్క మందుపై ఉన్నట్లే లెక్క.

నెలకు 30 మాత్రలలో రెండు తప్పినా వాడకం 95 శాతం కంటె తగ్గుతుంది. ఇందుకు రోగి అశ్రద్ధే కారణమనుకొనడం సరికాదు. బస్సు ఛార్జీలు లేకపోవడం, కూలిపనికై వలసపోవడం, అత్తవారింట మాత్రలు దాచవలసి రావడం, కేంద్రంలో నిల్వలు నిండుకొనడం కూడా కారణాలే. మిగిలిన మాత్రలను లెక్కించే సిబ్బంది ఈ సంగతులను కూడా అడిగి తెలుసుకొనవలసి ఉన్నది.

సి.డి.4 కణాల సంఖ్య పడిపోయేసరికి చాలా ఆలస్యమవుతుంది. అంతకు ఎన్నో నెలల ముందే రక్తంలో వైరస్ పెరుగుతుంది. ఈ కారణంగానే 2018లో ఎ.ఆర్.టి. పొందుతున్నవారికి క్రమబద్ధమైన వైరల్ లోడ్ పరీక్షలు ప్రారంభించబడినవి. మిల్లీలీటరు రక్తంలో వైరస్ ప్రతులు 1,000 దాటితే వెంటనే మందు మార్చరు. సుమారు మూడు నెలలపాటు ప్రత్యేక కౌన్సెలింగ్ జరిపి, మాత్రలు సక్రమంగా వాడించి, పరీక్షను మళ్ళీ చేస్తారు. వైరస్ అణగితే లోపం వాడకంలోనిదే గాని మందుది కాదు. అణగకపోతే నిపుణుల కమిటీకి నివేదించి చికిత్సను మారుస్తారు. ఈ దశలో జాప్యం తగదు. పాత మందులపై గడిచే ప్రతి నెలా కొత్త మార్పులు పోగుపడి, తరువాత వాడదగిన మందులు తగ్గిపోతాయి.

రెండవ దశ మందుల పంపిణీ 2008 జనవరిలో ముంబయి, చెన్నై తాంబరం ఆసుపత్రులలో మొదలైంది. అనంతరం తొలి దశ చికిత్సలోనికి డోలుటెగ్రవిర్ వచ్చింది. దీనికి వైరస్ సులభంగా నిరోధకత పెంచుకొనలేదు, అయితే అసలే పెంచుకొనదని కాదు. క్షయకు రిఫాంపిసిన్ వాడుతున్నవారికి దీనిని రోజుకు రెండుసార్లు ఇవ్వవలసి ఉంటుంది. ఐరన్, కాల్షియం మాత్రలు, కడుపుమంటకు వాడే యాంటాసిడ్లు దీని శోషణను తగ్గిస్తాయి. కనుక ఆ మందులు వాడుతున్న సంగతిని రోగి చెప్పేదాకా ఆగక, మందులిచ్చే సిబ్బందే ముందుగా అడగవలసి ఉన్నది.